చెరువు చెప్పే చదువు

ఇంటర్మీడియట్ ముగించబోయే విద్యార్థి ముందు నిలిచే ప్రశ్న ఇది: ఇంజనీరింగా, ఆర్ట్సా? వానను నమ్ముకొని సేద్యం సాగే రాయలసీమలో ఈ ప్రశ్నతో ఒక కుటుంబపు ఆశ, అప్పు రెండూ ముడివడి ఉంటాయి. వేరుసెనగ చేతికి రాని ఏడు కూడా కళాశాల రుసుము చెల్లించిన తండ్రి, తన బిడ్డ త్వరగా ఉద్యోగంలో స్థిరపడాలని కోరడం సహజం. అయితే ఇంజనీరింగ్ తెలివైనవారికి, ఆర్ట్స్ సీటు రానివారికి అనే భావన మాత్రం సరికాదు.

ఇందుకు కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనమే నిదర్శనం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఈ చెరువును కట్టించాడు. దీని పేరు అనంతరాజసాగరం. శాసనం శక సంవత్సరం 1291 నాటిది, అనగా క్రీ.శ. 1369 ప్రాంతానిది. దినానికి వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు శ్రమించినట్లు అది తెలుపుతున్నది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను సంస్కృత శ్లోకాలలో వివరిస్తున్నది.

కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై వైశాల్యం పెరగడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం అనే అయిదు దోషాలు జలశాస్త్రానికి సంబంధించినవి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం మరొక దోషం. ఇది మానవ స్వభావాన్ని, రాజనీతిని ఎరిగినవారు చెప్పగల మాట.

ఆ దోషం నేటికీ మనలను వీడలేదు. ఎగువ కర్ణాటక నుండి వచ్చే తుంగభద్రపై, సుంకేశుల వద్ద కర్నూలు-కడప కాలువ మొదలవుతుంది. ఆనకట్టను, కాలువను ఇంజనీర్లు నిర్మించారు. కానీ ఆ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించింది బచావత్ ట్రిబ్యునల్. అటువంటి తీర్పుకు న్యాయశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం అవసరమవుతాయి.

కనుక కోర్సును ఎన్నుకొనే ముందు కొన్ని విషయాలు గమనించాలి. గణితం, భౌతికశాస్త్రం చదివినవారు తరువాత బి.ఏ.లో చేరవచ్చు. ఆ రెండింటినీ చదవనివారికి ఈఏపీసెట్ ద్వారా ఇంజనీరింగ్‌లో ప్రవేశం ఉండదు. బి.ఏ. తరువాత బి.ఇడి., ఎం.ఏ., న్యాయవిద్య వంటివాటికి మరికొన్ని ఏండ్లు పడుతుంది. ఆ కాలాన్ని, వ్యయాన్ని ముందే లెక్కించి ఇంటివారికి వివరించాలి. ఇంజనీరింగ్ పట్టా ఉన్నంత మాత్రాన ఉద్యోగం తథ్యమని భావించరాదు.

కర్నూలులో జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కళాశాలతోపాటు 1972లో ఏర్పడిన సిల్వర్ జూబ్లీ కళాశాల ఉన్నది. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం వెలసింది. దారులు దగ్గరలోనే ఉన్నాయి. పరీక్ష లేకున్నా ఏ పుస్తకాన్ని ఇష్టంగా తెరుస్తారో విద్యార్థులు తమను తామే ప్రశ్నించుకోవాలి. కట్ట వేయడానికి నేలను ఎరిగినవారు, నీరు పంచడానికి మనిషిని ఎరిగినవారు కావాలి. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకున్నా చెరువు కింది చేను పండదు.

ప్రశ్నలు
1. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాలను వివరించండి.
2. మీరు ఎన్నుకోదలచిన కోర్సును సకారణంగా సమర్థిస్తూ మీ తల్లిదండ్రులకు లేఖ రాయండి.