బల్క్ కూలర్ కొనక ముందు వ్రాసుకోవలసినవి

మన ఊళ్లోనే బల్క్ కూలర్ పెట్టుకుందామని సంఘాలు పంపే తీర్మానాలు మా చేతికి వస్తూ ఉంటాయి. ఆలోచన మంచిదే. కాని "ఒక మంచి కూలరు కొనుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని ఒక్క వాక్యం చూస్తే మాకు దిగులు కలుగుతుంది. గేదెను కొనేటప్పుడు ఎన్నో ఈత, పూటకు ఎన్ని పాలు, తన్నుతుందా అని పది ప్రశ్నలడిగే రైతు, లక్షల యంత్రానికి వచ్చేసరికి "మంచిది" అంటే చాలుననుకుంటున్నాడు.

కొన్నేళ్ల క్రిందట మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘం సంగతి చెబుతాము. వారు మే నెల పాలు చూచి లెక్క కట్టారు. పూటకు 400 లీటర్లు గనుక వెయ్యి లీటర్ల ట్యాంకు చాలునన్నారు. మన గేదెలు ఎక్కువగా ఈనేది వానకాలం చివర, చలికాలం మొదట్లో గదా! డిసెంబరు వచ్చేసరికి ఉదయమే 700 లీటర్లు. రెండు పూటల ట్యాంకు ఒక పూటకు తన కొలతలో సగాన్నే, అంటే 500 లీటర్లనే, సకాలంలో చల్లబరచగలదు. సాయంత్రం వచ్చిన 600లో 300కే చోటు. మిగతావి క్యాన్లలో బయట. ఆ రాత్రే కరెంటు పోయింది. జనరేటరు ఉన్నది, డీజిలు లేదు. అది ఎవరు తేవాలో ఎక్కడా వ్రాసుకోలేదు. తెల్లవారి ట్యాంకరు వచ్చి పరీక్షిస్తే పాలన్నీ పులిసినవి.

రెండు గేదెల మీద సంసారం నడిపే ఒక సభ్యురాలు మమ్మల్ని అడిగింది: "అయ్యా, నేను పోసినప్పుడు మా పాలు మంచివే గదా?" జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రతిపాదన కాగితం మీద మా సంతకం కూడ ఉన్నది. ఏ నెల లెక్క అని మేమూ అడుగలేదు.

కాబట్టి కొటేషన్లు పిలువక ముందే గత సంవత్సరం పాల సేకరణ రిజిస్టరు తీయండి. అన్నిటికంటె ఎక్కువ పాలు వచ్చిన పూటను పట్టుకొని, దానికి రెండింతలకు తగ్గని ట్యాంకు అడగండి. ప్రక్క ఊరి పాలు కూడ కలుస్తాయా అన్నది అప్పుడే తేల్చుకోండి. "బాగా చల్లబరచవలెను" అనే మాట ఎవరినీ కట్టిపడవేయదు. "సగం ట్యాంకు పాలను 35 డిగ్రీల నుండి 3 గంటలలో 4 డిగ్రీలకు దించవలెను" అని వ్రాస్తే, ఆఖరి బిల్లు చెల్లించక ముందు థర్మామీటరు, గడియారం పెట్టుకొని మీరే చూచుకోవచ్చు.

మూడు ఫేజుల కరెంటు, కడుగుటకు నీరు, మురుగు పోవుటకు కాలువ, గది కొలతలు కూడ ముందే వ్రాయాలి. ట్యాంకు తలుపులో పట్టక గోడ పగులగొట్టిన ఊరు కూడ ఉన్నది, నవ్వకండి. ట్యాంకు కడిగేది ఎవరో పేరుతో వ్రాయండి. చల్లదనం క్రిములను చంపదు, వాటి పెరుగుదలను బాగా నెమ్మదింపజేస్తుంది అంతే.

పై సంఘం తరువాత 2,000 లీటర్ల ట్యాంకు పెట్టుకున్నది. ఈసారి తీర్మానం మూడు పేజీలయింది. డీజిలు దగ్గర తగాదా వచ్చి సభ రాత్రి పది దాటింది. చివరకు ఆ సభ్యురాలే లేచి, డీజిలు డబ్బా ఉన్న గది తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో అది కూడ వ్రాయమన్నది. వ్రాశారు.