జీతంలో పట్టుకున్న పన్ను వెనక్కి వస్తుందా?

పెనుకొండ నుంచి ఒక పాఠకుడు: అయ్యా, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నెలకు లక్షా ఇరవై వేల జీతానికి పనిచేశాను. నాన్నకు ఒంట్లో బాగాలేక 2025 సెప్టెంబరు ఆఖరున మానేశాను, మార్చి దాకా మళ్లీ ఎక్కడా చేరలేదు. ఏప్రిల్ నుంచి పనిచేసిన ఆరు నెలలూ నెలకు 7,345 రూపాయల చొప్పున పన్ను పట్టుకున్నారు. 12 లక్షల దాకా పన్ను లేదంటారు కదా, మరి ఇదేమిటి?

సమాధానం: కంపెనీ తప్పేమీ లేదు. ఏడాది మొత్తానికి మీ జీతం ఎంతవుతుందో ముందే అంచనా కట్టి, దానిమీద పడే పన్నును నెలలకు పంచి పట్టుకుంటారు. అదే టీడీఎస్. మీ లెక్క వేసి చూశాను. పన్నెండు నెలలకు 14,40,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 13,65,000. కొత్త విధానంలో దానికి పన్ను 84,750, సెస్సు 3,390, కలిపితే 88,140. అందులో పన్నెండో వంతు సరిగ్గా 7,345.

కానీ మీ చేతికొచ్చింది 7,20,000 మాత్రమే. సెటిల్‌మెంటు డబ్బు, బ్యాంకు వడ్డీ ఏమైనా ఉంటే అవీ కలపండి. అన్నీ కలిపినా స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షలు దాటకపోతే పన్ను సున్నా. పోయిన 44,070 మొత్తం మీదే. అయితే రిటర్ను వేస్తేనే వస్తుంది. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ధ్రువీకరించుకోవాలి. పాన్‌కు ఆధార్ జోడించకపోతే రిఫండ్ ఆగిపోతుంది. ‘ఆర్నెల్ల జీతానికి రిటర్నెందుకులే’ అని వదిలేసేవాళ్లను చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. నాన్నగారి మందులకు పనికొచ్చే డబ్బండీ అది.

ధర్మవరం నుంచి: పట్టుచీరల సంస్థలో లెక్కలు రాస్తాను. జీతంలో టీడీఎస్ పట్టుకున్నారు, నా పాన్‌పై జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో మాత్రం ఒక్క రూపాయీ కనిపించడం లేదు.

సమాధానం: ముందు మీ పాన్ కార్డు, సంస్థ ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16 పక్కపక్కన పెట్టి పది అక్షరాలూ ఒక్కొక్కటిగా సరిచూడండి. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం ‘పి’, అయిదోది ఇంటిపేరు గడిలో రాసిన పేరుకు మొదటి అక్షరం. మనవాళ్లు కొందరు ఆ గడిలో ఇంటిపేరు రాస్తారు, కొందరు సొంత పేరు రాస్తారు. కాబట్టి ఊహించి రాస్తే తప్పు దొర్లుతుంది. ఒక్క అక్షరం మారినా మీ పన్ను ఇంకొకరి పాన్ కింద జమ కావచ్చు.

పాన్ తప్పు పడి ఉంటే దిద్దాల్సింది సంస్థే. తాము వేసిన 24క్యూ టీడీఎస్ స్టేట్‌మెంటును సవరించి మళ్లీ దాఖలు చేయమని రాతపూర్వకంగా అడగండి. పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు భద్రంగా ఉంచుకోండి. జీతంలో పట్టుకున్నంత మేరకు ఆ పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ చెబుతోంది. అడగడానికి మొహమాటపడకండి.

హిందూపురం నుంచి: పాత విధానం కావాలని ఆఫీసులో చెప్పడం మరిచాను. ఇంటి రుణం, బీమా లెక్కలోకి రాలేదు. ఏడాది గడిచిపోయింది, ఇక చేసేదేమీ లేదా?

సమాధానం: ఉంది. మీరు చెప్పకపోతే కంపెనీ కొత్త విధానంలోనే పట్టుకోవాలి. జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివారు రిటర్నులో పాత విధానం ఎంచుకోవచ్చు. రెండు రకాలుగానూ లెక్క వేయించుకుని, ఏది తక్కువైతే అది తీసుకోండి. గడువు జూలై 31. ఆ తర్వాత వేసే రిటర్నులో పాత విధానం దొరకదు.