జిల్లేడు విషము – సీతాకోకచిలుక కవచము

జంతువు శత్రువును చూచి పారిపోగలదు. నేలలో వేరూనిన మొక్కకు ఆ అవకాశము లేదు. కనుక ప్రకృతి దానికి ముళ్లను, దురదనూగును, చేదును, విషమును ఆయుధములుగా నొసగినది. మన బీళ్లలో పెరుగు జిల్లేడును గమనింపుడు. ఆకు త్రుంచినంతనే స్రవించు తెల్లని పాలలో గుండె పనిని చెరచు గ్లైకోసైడులు కలవు. అందుచేతనే పశువులు సాధారణముగా దానిని ముట్టవు.

అయినను ఏ రక్షణయు సంపూర్ణము కాదు. నారింజవన్నె రెక్కలు గల ‘ప్లెయిన్ టైగర్’ సీతాకోకచిలుక జిల్లేడు ఆకులపై గ్రుడ్లు పెట్టును. గొంగళిపురుగు ఆ ఆకులనే తిని, విషములో కొంత తన దేహమున దాచుకొనును. రెక్కలు వచ్చిన పిమ్మటను అది నిలిచియుండును. ఒకసారి రుచిచూచి ఉమిసిన పక్షి ఆ రంగును చూచి వెరచును.

ఈ భయమును వేరొక సీతాకోకచిలుక వాడుకొనును. ‘డానాయిడ్ ఎగ్‌ఫ్లై’ జాతిలో ఆడది విషము లేకయే ప్లెయిన్ టైగర్ వేషము ధరించును. ఇట్టి అనుకరణను హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల సీతాకోకచిలుకల ఆధారముగా 1862లో వివరించెను. వేషధారులు మితిమీరినచో పక్షులకు రుచియైనవే తరచుగా దొరకి, ఆ రంగనిన భయము తొలగును. అప్పుడు అసలుదానికిని, నకిలీకిని ముప్పే. కావున ఆ నకిలీ ప్రాణము సైతము జిల్లేడు పాలపై ఆధారపడియున్నదనుట అతిశయోక్తి కాదు.