వదంతికి కర్త ఎవరు?

సంస్కృతంలో 'వదంతి' ఒక క్రియాపదం. 'చెప్పుచున్నారు' అని దాని అర్థం; ఎవరు చెప్పుచున్నారో ఆ పదంలో లేదు. ఆ క్రియ తెలుగులోకి వచ్చి నామవాచకమైనప్పుడు కూడా ఈ లోటు దానిని విడువలేదు. కర్త తెలియని వార్తకే వదంతి అని పేరు. హిందీలోను, ఉర్దూలోను ఇదే అర్థంలో వాడే 'అఫ్వాహ్' అరబ్బీ మూలం గల మాట. అక్కడ దానికి 'నోళ్లు' అని అర్థం. నోళ్లున్నాయి గాని, మనిషి లేడు. తెలుగువారు నిత్యం వాడే 'పుకారు' హిందుస్తానీ నుంచి వచ్చినదే అయినా, హిందీలో 'పుకార్' అంటే పిలుపు, మొర. దానిని తెలుగులో పుకారుగానే ఉంచివేసిన అనువాదకుడు ఆపన్నుని ఆక్రందనను గాలివార్తగా మార్చినవాడవుతాడు. ఇట్టి పొరపాటు నిఘంటువు చూస్తే సరిపోతుంది. జనంలో తిరిగే పుకారును సరిచేయడం అంత సులభం కాదు.

ఒకప్పుడు సంతలోనో, రచ్చబండ వద్దనో పుట్టిన వార్త ఊరి పొలిమేర దాటేసరికి కొంత బలహీనపడేది. చెప్పేవాడు అపరిచితుడైతే వినేవాడు సగమే నమ్మేవాడు. చేతిలోని ఫోను ఈ స్థితిని మార్చివేసింది. వాట్సాప్‌లో సందేశం పంపినవాడు మేనమామ కావచ్చు, తోటి ఉపాధ్యాయుడు కావచ్చు. అతనిపై గల నమ్మకం అతడు పంపిన మాట మీదికి కూడా ప్రాకుతుంది. పంపినవాడు తెలిసినవాడే, చెప్పినవాడు మాత్రం తెలియనివాడు. ఈ ఇద్దరినీ ఒక్కరుగా భావించడం ఎంతటి అనర్థానికి దారితీయగలదో 2018లో దేశం చూసింది.

తోక తెగిన చిత్రం

2016లో పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే 'రోష్నీ' అనే స్వచ్ఛంద సంస్థ ప్రజలను హెచ్చరించడానికి ఒక చిన్న చిత్రాన్ని విడుదల చేసింది. వీధిలో పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. మోటారు సైకిలుపై ఇద్దరు వస్తారు. ఒక పిల్లవానిని ఎత్తుకొని పోతారు. కొద్ది క్షణాలలో వారే తిరిగి వచ్చి, పిల్లవానిని దించి, ఒక ఫలకాన్ని విప్పి చూపుతారు. కరాచీ వీధులలో బిడ్డను అపహరించడానికి ఒక్క క్షణం చాలునని దాని మీద వ్రాసి ఉంటుంది. చూసేవారు ఉలిక్కిపడాలనే ఉద్దేశంతో దానిని వీధిలోని భద్రతా కెమెరాకు చిక్కిన దృశ్యం వలె చిత్రించారు.

రెండేళ్ల తరువాత ఈ చిత్రం భారతదేశంలో ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. కాని పిల్లవానిని తిరిగి దించే భాగం, ఫలకం చూపే భాగం అందులో లేవు. తల్లిదండ్రులను జాగరూకులను చేయడానికి తీసిన చిత్రం తోక తెగేసరికి, అమాయకుల పైకి జనాన్ని ఉసిగొల్పే సాధనమైంది. ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ఆ ఖండిత చిత్రంలో ఏ దృశ్యమూ కొత్తగా కల్పించి చేర్చినది కాదు. తీసివేయడం వల్లనే అది అబద్ధమైంది. 2013లో సిరియాలోని ఘూతాలో రసాయన దాడికి బలియైన పిల్లల ఛాయాచిత్రం కూడా దీనికి తోడై, అవయవాల కోసం చంపబడిన పిల్లలుగా ప్రచారం పొందింది. అదీ నిజమైన చిత్రమే; క్రింది వ్రాత ఒక్కటే అసత్యం.

సందేశం ఏ రాష్ట్రానికి వెళితే అక్కడి భాష నేర్చుకొన్నది. దక్షిణాదిలో దొంగలు ఉత్తరాది నుంచి వచ్చారన్నది. మరొకచోట పొరుగు రాష్ట్రం పేరు చెప్పింది. పేరు మారినా అనుమానితుడు మాత్రం ఎక్కడైనా ఒక్కడే: బయటివాడు, మన మాట రానివాడు.

రాయిన్‌పాడా నుంచి ముర్కి వరకు

2018 జూలై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా, సాక్రీ తాలూకాకు చెందిన రాయిన్‌పాడా గ్రామంలో వారపు సంత జరుగుతున్నది. నాథపంథీ డవరీ గోసావి అనే సంచార సమాజానికి చెందిన ఐదుగురు ఆనాడు అక్కడ బస్సు దిగారు. తెలుగునాట గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు ఎట్లో, మరాఠీ గ్రామాలలో వీరు అట్లు. ఊరూరా తిరిగి భిక్ష స్వీకరించడం వారి పరంపరాగత వృత్తి. అటువంటివారు ఊరిలోకి వస్తే పిల్లలు చుట్టూ మూగడం, వారు పిల్లలను పలకరించడం తరతరాలుగా ఉన్నదే. ఆ దినం మాత్రం ఆ పలకరింపే నేరమైంది. జనం వారిని గ్రామ పంచాయతీ కార్యాలయంలోకి ఈడ్చుకొనిపోయి కొట్టి చంపారు. ఐదుగురూ మరణించారు.

దానికి మూడు రోజుల ముందు, జూన్ 28న, త్రిపురలో జరిగినది ఇంకా విచారకరం. పిల్లల దొంగల పుకార్లను నమ్మవద్దని ఊరూరా ధ్వనివర్ధకంతో చెప్పడానికి రాష్ట్ర సమాచార శాఖ నియమించిన వ్యక్తినే దక్షిణ త్రిపురలోని ఒక గ్రామంలో పిల్లల దొంగ అని భ్రమించి జనం చంపివేశారు.

జూలై 13న హైదరాబాదు నుంచి కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకు విహారానికి వెళ్లారు. వారిలో ఒకరు ఖతార్ దేశస్థుడు. దారిలో ఒక గ్రామం వద్ద ఆగి, బడి పిల్లలకు విదేశం నుంచి తెచ్చిన చాక్లెట్లు పంచారు. అంతే. అనుమానం రగిలి, వారు కారులో తప్పించుకొని బయలుదేరేసరికి, వారి దృశ్యాలు వారికంటె ముందే వాట్సాప్‌లో ముర్కి గ్రామం చేరాయి. అక్కడ దారికి అడ్డం వేసి ఉన్నది. కారు బోల్తా పడింది. మిత్రులలో ఒకరైన యువ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు. కాపాడబోయిన పోలీసులు కూడా గాయపడ్డారు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అని తెలుగువారు తరచు అనే మాట ఈ ఘటనల ముందు నిలువదు. ఇక్కడ నిప్పు లేదు. పొగను ఎవరో తెచ్చి పోశారు.

పరభాషీయుని పట్ల భయాన్ని ఉపయోగించుకొన్న వదంతి ఇదే మొదటిది కాదు. 2012 ఆగస్టులో, అస్సాంలోని అల్లర్లకు ప్రతీకారం జరుగుతుందన్న సందేశాల వల్ల బెంగుళూరు, పుణె, హైదరాబాదు వంటి నగరాలలో చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న ఈశాన్య రాష్ట్రాలవారు వేలాదిగా రైళ్లెక్కి స్వస్థలాలకు తరలిపోయారు. గౌహతికి ప్రత్యేక రైళ్లు నడపవలసి వచ్చింది. ఒకేసారి అనేకులకు సంక్షిప్త సందేశాలు పంపడాన్ని ప్రభుత్వం 15 రోజులపాటు నిషేధించింది.

2018 ఘటనల తరువాత వాట్సాప్ సంస్థ ఇతరుల నుంచి వచ్చి మరల పంపబడిన సందేశానికి గుర్తు పెట్టసాగింది; భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపరాదని హద్దు విధించింది. అనేకసార్లు చేతులు మారిన సందేశానికి ఇప్పుడు జంట బాణాల గుర్తు ఉంటుంది. దానిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కచోటికే పంపగలరు. ఆ గుర్తు సందేశం నిజమనీ చెప్పదు, అబద్ధమనీ చెప్పదు. పంపినవాడు చెప్పినవాడు కాడని మాత్రం చెబుతుంది. అదైనా మేలే.

సుప్రీంకోర్టు 2018 జూలై 17న ఇచ్చిన తీర్పులో మూకహింసను అరికట్టడానికి ప్రతి జిల్లాలో ఒక బాధ్యతాయుత అధికారిని నియమించాలని ఆదేశించింది. అయితే అంతకుముందే తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో మరొక మార్గం అవలంబించబడింది. నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి తన పరిధిలోని గ్రామాలకు కానిస్టేబుళ్లను కేటాయించి, వారు తరచు వెళ్లి ఊరివారితో పరిచయం పెంచుకొనే ఏర్పాటు చేశారు. తమకు వచ్చిన దృశ్యాలను గ్రామస్థులు ఆ కానిస్టేబుళ్లకు చూపేవారు. డప్పు కళాకారులు, పాటగాళ్లు ఊళ్లు తిరిగి పుకార్ల గుట్టు విప్పారు. సందేహం కలిగినప్పుడు అడగడానికి పేరు, ముఖం తెలిసిన మనిషి ఒకడు ఉండడమే ఈ పద్ధతిలోని విశేషం. ఏ సాంకేతిక సాధనమూ దీనికి సాటి రాదనడం అతిశయోక్తి కాదు.

సాధనాలు లేకపోలేదు. వచ్చిన బొమ్మను అంతర్జాలంలోని శోధన యంత్రానికి ఇచ్చి, అది మొదట ఎక్కడ, ఏ సంవత్సరంలో కనిపించిందో వెదకవచ్చు. వీడియో అయితే ఒక దృశ్యాన్ని నిలిపి, దానిని బొమ్మగా తీసి వెదకాలి. కరాచీ చిత్రం అసలు రూపం ఇట్టి అన్వేషణతోనే బయటపడుతుంది. దుకాణాల పేరుపలకలపై లిపి ఏది, వాహనాల సంఖ్యాఫలకాలు ఎట్లున్నవి, ఋతువు ఏది అన్నవి కూడా సాక్షులే. కాని కృత్రిమ మేధ కల్పించిన చిత్రానికి వెదకడానికి మూలమే ఉండదు. అప్పుడు బొమ్మను వదలి వార్తను పరీక్షించాలి: జిల్లా యంత్రాంగం ఏమన్నది, పేరున్న పత్రికలు ఏమి వ్రాశాయి అన్నది చూడాలి. కంఠస్వరాన్ని సైతం యంత్రం అనుకరిస్తున్న ఈ రోజులలో, ఆపదలో ఉన్నానని డబ్బు అడిగే బంధువు గొంతు వినిపిస్తే, ఫోను పెట్టివేసి అతని పాత నంబరుకు తామే ఫోను చేయడం ఉత్తమం.

దొంగ కర్త

వదంతికి కర్త ఉండడు. మోసగాడు మాత్రం తన మాటకు ఒక గొప్ప కర్తను తగిలిస్తాడు: పోలీసు అధికారి, సి.బి.ఐ., న్యాయస్థానం. 'డిజిటల్ అరెస్టు' అనే మోసం ఇట్టిదే. మీ పేరున వచ్చిన పార్సెల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఖాతాలో నల్లధనం ఉన్నదనో మొదట ఒక ఫోను వస్తుంది. తరువాత వీడియోలో ఖాకీ దుస్తులు, వెనుక కార్యాలయం, ముద్రలు వేసిన పత్రాలు కనిపిస్తాయి. కెమెరా ముందు నుంచి కదలరాదని, ఎవరికీ చెప్పరాదని ఆజ్ఞ. 2024 ఆగస్టులో లూధియానాకు చెందిన ఒక ప్రసిద్ధ వస్త్ర పరిశ్రమాధిపతికి ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే కృత్రిమంగా ప్రదర్శించి, 7 కోట్ల రూపాయలు కాజేశారు. లోకానుభవం గలవారు ఇట్లు మోసపోరనుకోవడం పొరపాటని ఈ ఉదంతం చెబుతుంది. నకిలీ ఉత్తర్వుల బెడద ఎంతకు పెరిగిందంటే, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంత తానే ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది.

చట్టం ఏమి చెబుతున్నదో తెలిస్తే ఈ నాటకం వెంటనే బయటపడుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో వీడియో ద్వారా అరెస్టు చేయడమన్నదే లేదు. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనబడేట్లు ధరించాలి. పత్రం వ్రాసి సాక్షి చేత సంతకం చేయించాలి. అరెస్టు సంగతిని బంధువుకో, మిత్రునికో తెలియజేయాలి. బంధువులకు తెలుపుమని చట్టం అంటున్నది. ఎవరికీ తెలుపవద్దని మోసగాడు అంటున్నాడు. అసలుకు, నకిలీకి ఇంతకంటె స్పష్టమైన భేదం అక్కరలేదు. 'నిజం నిలకడ మీద తెలుస్తుంది' అన్న సామెత వీరికి బాగా తెలిసినట్లున్నది. అందుకే నిలకడకు వ్యవధి ఇవ్వరు.

ఈ ఫోనుకు అవతల ఉన్నవాడు ఎవరు? కొందరు తెలుగు యువకులే కావడం విషాదం. కంప్యూటరులో వివరాలు నమోదు చేసే ఉద్యోగమని ఆశ చూపి దళారులు విశాఖపట్నం ప్రాంతం నుంచి యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ పాసుపోర్టులు లాగుకొని, స్వదేశీయులనే మోసగించే పనిలో వారిని నిర్బంధించారు. 2024 మే నెలలో కొందరు తిరిగి రాగలిగారు. ఉద్యోగ ప్రకటనను నమ్మి మోసపోయినవాడే మరొకరిని మోసగించే స్థితికి తేబడ్డాడు. స్వదేశంలో కూడా ఇటువంటి వల ఒకటి ఉన్నది. కొద్దిపాటి కమీషనుకు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను, ఏ.టి.ఎం. కార్డును అన్యుల వాడకానికి ఇచ్చే కళాశాల విద్యార్థులు ఉన్నారు. దొంగసొమ్ము మొదట చేరేది అట్టి ఖాతాలలోకే; పోలీసులు మొదట వచ్చేదీ ఆ ఖాతాదారుల ఇంటికే.

డబ్బు పోయినవారు సిగ్గుపడి జాగు చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఖాతాల నుంచి ఖాతాలకు పోయి చెల్లాచెదరు కాకముందే దానిని నిలుపగల అవకాశం మొదటి గంటలలోనే అధికం.

అడగకుండానే ఇచ్చే వివరాలు

బెదిరించేవానికి బాధితుని పేరు, ఊరు, కుమార్తె చదివే కళాశాల ముందే తెలిసి ఉండడం చూసి పలువురు అతడు నిజమైన అధికారియేనని నమ్ముతారు. ఆ వివరాలలో కొన్ని దొంగిలించినవి, కొన్ని కొన్నవి. కొన్ని మాత్రం బాధితులే సామాజిక మాధ్యమాలలో ప్రకటించుకొన్నవి. హాల్‌టికెట్టు, రైలు టికెట్టు, మార్కుల పత్రం, కొత్త ఇంటి చిరునామాతో గృహప్రవేశ పత్రిక ఫోటో తీసి పెట్టడం నేడు వేడుకగా మారింది. ఆధార్ నకలు ఇవ్వక తప్పని చోట చివరి 4 అంకెలు మాత్రమే కనబడే ప్రతిని ఇచ్చే సౌకర్యం ఉన్నది. దానిని వాడుకొనేవారు తక్కువ. తన చిత్రాన్ని ఎవరు చూడవచ్చు, తనను బృందాలలో ఎవరు చేర్చవచ్చు అన్నవి వాట్సాప్‌లో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. ఫోనుకు వచ్చే సంకేతానికి తోడు మరొక రహస్య సంఖ్యను అడిగే ద్వివిధ పరీక్షను కూడా అందులో ఏర్పరచుకోవచ్చు. డబ్బు పుచ్చుకోవడానికి యు.పి.ఐ. రహస్య సంఖ్య అవసరం లేదు. దానిని అడిగారంటే డబ్బు పోతున్నదనే అర్థం.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆరేళ్లకు, 2023లో, వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. 18 ఏళ్లు నిండనివారి వివరాలను సేకరించే సంస్థ వారి తల్లిదండ్రుల సమ్మతిని రూఢి చేసుకోవాలని అందులో ఉన్నది. పాఠశాల వార్షికోత్సవంలో తీసిన పిల్లల చిత్రాలను పేర్లతో, తరగతులతో సహా అందరికీ కనబడేట్లు పెట్టే అలవాటును ఉపాధ్యాయులు ఇప్పటి నుంచే పునరాలోచించవచ్చు.