మందు, జ్ఞానం, తవక్కుల్

ఆదోని, ఎమ్మిగనూరుల నుండి పైచదువులకు వెళ్ళే పిల్లలకు తల్లులు కలోంజీ (నల్లజీలకర్ర) పొట్లం కట్టి పంపటం మనం చూస్తుంటాం. మంచిదే. అందులో మరణానికి తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీలో ఉంది.

అయితే ఎవరికి, ఎంత అన్నది జ్ఞానంతో తేలవలసిన విషయం. వైద్యం తెలియకుండా చికిత్స చేసినవాడే నష్టానికి బాధ్యుడని అబూదావూద్ హదీసు హెచ్చరిస్తోంది. కలోంజీ రక్తంలో చక్కెరను తగ్గించగలదు. మధుమేహానికి మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తీసుకోరాదు. విరేచనానికి వాడే సనా (నేలతంగేడు) ఆకు రోజుల తరబడి తింటే ఒంట్లో లవణాలు తగ్గుతాయి.

కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉంది. తోటి విద్యార్థి మాట నమ్మి మింగే బదులు, చదువుకున్న హకీమును అడుగుదాం. మందు వాడటం ప్రవక్త (స) బోధన. స్వస్థతనిచ్చేవాడు అల్లాహ్ మాత్రమే.