కారాగారములో ఒక రాత్రి బస

మన భాషలో చెఱసాలకు పేరులు పెక్కు గలవు. చెఱ యనునది అచ్చతెనుగు మాట. కారాగృహము సంస్కృతము. బందిఖానా పారసీకము నుండి వచ్చినది. జైలు ఆంగ్లేయుల వలన వచ్చినది. ఏలినవారు మారినకొలది పేరు మారినది గాని గోడలు మారలేదు. వేళాకోళమునకు 'శ్రీకృష్ణ జన్మస్థానము' అనుట కూడ మనవారికి వాడుక. అటువంటి చోట రొక్కము చెల్లించి ఒక రాత్రి పరుండి, తెల్లవారిన పిదప ఇంటికి వచ్చి ముచ్చటించుకొనుట నేటి వినోదయాత్రలలో ఒకటి యైనది. సెలవులు వచ్చినపుడు పిల్లలు మనలను ఈ విషయము అడుగుదురు. అట్టి యాత్రలో పిల్లవాడు నేర్చుకొనునది ఏమి, నేర్చుకొనజాలనిది ఏమి యని తల్లిదండ్రులు ముందుగా ఆలోచించి యుండుట మంచిది.

మొదట, చెఱసాల హోటలుగా ఎట్లు మారునో చూతము. పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్యదేశములందు కట్టిన జైళ్లు మిక్కిలి దృఢమైనవి. దళసరి రాతిగోడలు, నడుమ పొడవైన నడవ, ఇరువైపుల ఒకే కొలతగల కొట్టడులు. ఖైదీలను ఒంటరిగా నుంచినచో పశ్చాత్తాపము కలుగునని ఆనాటి సంస్కర్తలలో పలువురి నమ్మకము. నూఱేండ్లు గడచుసరికి ఆ కట్టడములు ఖైదీల నివాసమునకే తగవని తేలినది. పడగొట్టుదమన్న చరిత్ర పోవును. ఉంచుదమన్న వాటితో పనిలేదు. అయితే నడవ, వరుసగదులు – హోటలు పెట్టువానికి కావలసినదియు అదియే గదా! కెనడా రాజధాని ఒట్టావాలో 1862లో తెఱచిన జైలు 1972లో మూతపడి, మఱుసటి యేడే యాత్రికుల వసతిగృహమైనది. స్వీడను రాజధాని స్టాక్‌హోములోని లోంగ్‌హోల్మెన్ జైలు 1975లో మూతపడి, 1989లో హోటలైనది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు జైలు 1996లో మూతపడిన తరువాత అచట ప్రక్కప్రక్క కొట్టడులను కలిపి పడకగదులుగా మార్చిరి.

అన్నిటిలోను అమెరికాలోని బోస్టను నగరపు కథ నిదానముగా చదువదగినది. అచట చార్లెస్ వీథిలో 1851లో ఒక జైలు పూర్తియైనది. గ్రిడ్లీ బ్రయంట్ అను వాస్తుశిల్పి దానిని గ్రానైటు రాతితో, శిలువ ఆకారమున నిర్మించెను. నాలుగు రెక్కలు, నడుమ ఎనిమిది కోణముల ఎత్తైన మండపము, గాలి వెలుతురులకై పెద్ద కిటికీలు. ఆ దినములలో అది ఆదర్శకారాగారమని పేరొందినది. అందు శిక్ష ననుభవించినవారిలో జేమ్స్ మైకేల్ కర్లీ యను రాజకీయ నాయకుని నేరము పాఠశాలవారికి ఆసక్తి కలిగించునది. ప్రభుత్వోద్యోగపు పరీక్షను మఱియొకని బదులు తాను పోయి వ్రాసెను! అందులకై 1904లో ఆ జైలు చేరెను. లోపల నుండగనే నగరసభకు ఎన్నికయ్యెను. పిమ్మట నాలుగు పర్యాయములు నగరాధ్యక్షుడును అయ్యెను. ఈ రెండవ భాగమును పరీక్షలు ముగియువఱకు పిల్లలకు చెప్పకుండుటయే మేలు.

ఆదర్శమనిపించుకొన్న ఆ జైలు కాలక్రమమున పాడుపడినది. ఒకనికై కట్టిన కొట్టడిలో ఇద్దరిని కుక్కిరి. ఆ ఇద్దరిలో నేరము ఋజువు కానివారే, అనగా విచారణకై ఎదురు చూచువారే, ఎక్కువగా నుండెడివారు. అట్టివారు 1971లో ప్రభుత్వాధికారులపై దావా వేసిరి. ఆర్థర్ గారిటీ యను న్యాయమూర్తి దానిని విచారించెను. ఆయన ఇరుపక్షముల కాగితములు చదువుటతో తృప్తి పడక, స్వయముగా ఆ జైలునకు పోయి ఒక రాత్రి అందు గడపెను. 1973లో తీర్పు చెప్పెను: ఇట్టి చోట మనుష్యులను బంధించుట రాజ్యాంగమునకు విరుద్ధము, కొట్టడికి ఇద్దరిని ఉంచుట మానవలెను, 1976 జూను 30వ తేదీ తరువాత విచారణలో నున్నవారిని అందు ఉంచరాదు. తీర్పు వచ్చినంతనే తలుపులు తెఱచుకొనలేదు. కొత్త జైలు కట్టుటకు వాదోపవాదములు సాగి సాగి, పాత జైలు ఖాళీ యగుసరికి 1990 వచ్చినది.

2007లో అదే కట్టడమును పెద్ద హోటలుగా తెఱచిరి. దాని పేరు లిబర్టీ, అనగా స్వాతంత్ర్యము. అందు నెలకొల్పిన భోజనశాలకు క్లింక్ అని పేరు పెట్టిరి. అది జైలునకు ఇంగ్లీషులో వాడుకమాట, మన 'జన్మస్థానము' వంటిదే. నడిమండపమును ఖర్చునకు వెనుదీయక బాగుచేసిరి. ఈ హోటలును తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. పాడుపడి కూలిపోవుటకంటె బాగుపడి నిలిచియుండుట మేలే. అయినను ఒకే కప్పు క్రింద గడచిన రెండు విధముల రాత్రులను పోల్చి చూడుడు. న్యాయమూర్తి అచట నిద్రించినది ఇతరుల కష్టమెట్టిదో తెలిసికొని తీర్పు చెప్పుటకు. అతిథి నిద్రించునది మెత్తని పఱుపుపై, తన ముచ్చట తీరుటకు. పిల్లలకు ఈ జైలుకథ చెప్పునపుడు హోటలుతో మొదలుపెట్టక న్యాయమూర్తితో మొదలుపెట్టవలెనని నా యభిప్రాయము.

మెత్తని పఱుపు లేకుండ, నిజమైన ఖైదీవలెనే రాత్రి గడపవచ్చునని పిలుచు చోట్లును గలవు. వానిలో పేరుపడినది బాల్టికు సముద్రతీరమున లాట్వియా దేశమందలి లియెపాయా పట్టణములో నున్న కరోస్తా జైలు. కరోస్తా యనగా యుద్ధరేవు. రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండరు ఆజ్ఞపై ఆ నౌకాస్థావరమును కట్టిరి. అందు 1900 ప్రాంతమున వైద్యశాల కొఱకు తలపెట్టిన ఎఱ్ఱయిటుకల కట్టడము, క్రమశిక్షణ తప్పిన నావికులను, సైనికులను బంధించు చోటైనది. చక్రవర్తుల కాలమున రష్యనులు, యుద్ధకాలమున జర్మనులు, తరువాత సోవియట్టులు, తుదకు స్వతంత్ర లాట్వియావారు – అందఱును దానిని అదే పనికి వాడిరి. 1997 వఱకు అది శిక్షాగృహముగనే యుండెను.

నేడు అది ప్రదర్శనశాల. రాత్రి యుండగోరువారు ముందుగా ఒక ఒప్పందముపై సంతకము చేయవలెను. పిమ్మట పాతకాలపు సైనికదుస్తులు ధరించిన కావలివారు గద్దించి ఆజ్ఞలు పెట్టుదురు, వరుసలో నిలువుమందురు, ఎదురు చెప్పినవానిచే వ్యాయామము చేయింతురు. పలుచని పఱుపుతో గట్టిపడకపై పరుండవలెను. తిట్లు తినుటకు డబ్బిచ్చువారు కూడ ఉందురా యని పెద్దలు నవ్వవచ్చును. ఉన్నారు, దూరదేశముల నుండియు వత్తురు.

ఇందు నేర్చుకొనదగినది లేకపోలేదు. చలి, చీకటి, ఇనుపతలుపు మూసినప్పటి చప్పుడు – ఇవి పుస్తకమున చదివిన దానికంటె చెవికి, ఒంటికి బాగుగ తెలియును. కాని బందీ యగుటలో అసలు బాధ వీనిలో లేదు. అతిథికి తాను ఎపుడు బయటికి పోవునో తెలియును. తెల్లవారుట ఎంతసేపో అని గడియారము చూచుకొనును. ఖైదీ చూచుకొనుటకు గడియారము లేదు. విచారణ ఖైదీకైనచో విడుదలతేదీ యనునదే లేదు. మన దేశమున 2022 సంవత్సరాంతమున జైళ్లలో నున్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ పూర్తి కానివారే యని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. అనగా నూటికి 75 మందికి పైబడి. బోస్టనులో దావా వేసినవారి స్థితియే వీరిది. వీరిలో జామీను మంజూరైనను, పూచీసొమ్ము కట్టలేక లోపలనే మిగిలిపోవువారును కలరు. వాయిదా వచ్చును, పోవును. మఱల ఇంకొక వాయిదా. ఈ తెలియమిని ఏ హోటలువాడును అమ్మజాలడు.

మన తెలుగునాట ఇట్టి ప్రయత్నము సంగారెడ్డిలో జరిగినది. 1796 నాటి పాత జైలును తెలంగాణ కారాగారశాఖవారు 2016లో ప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారికి 24 గంటలు ఖైదీబట్టలతో, ఖైదీభోజనముతో అందుండు అవకాశము కల్పించిరి. దేశదేశముల పత్రికలు దానిని గూర్చి వ్రాసినవి. గోలకొండకోటలో రామదాసు బందిఖానా యని చూపు గది ఎటులను మనకు తెలిసినదే. గోడపై నున్న దేవతామూర్తులను ఆయనయే చెక్కెనని చెప్పుదురు. అచ్చటికి పిల్లలను తీసికొనిపోయినపుడు పన్నెండేండ్లు అను మాటను కథలో వలె తేలికగ దాటిపోనీయక, "నీవు ఇప్పుడు ఏ తరగతి? పన్నెండేండ్ల తరువాత ఏమి చేయుచుందువు?" అని అడిగి చూడుడు. ఏ జైలు చూపించినను, తలుపుగడియ ఏ వైపున నున్నదో పిల్లవానినే చూచి చెప్పుమనుడు. ఇంటితలుపునకు అది లోపలివైపున నుండును.

అల్లరి చేయు పిల్లవానిని దారికి దెచ్చుటకై ఇట్టి చోట ఒక రాత్రి ఉంచుదమని కొందఱు తండ్రులు అనుకొందురు. నేను దీనికి ఒప్పుకొనను. "పోలీసులు పట్టుకొనిపోదురు" అని అన్నము తినిపించిన యిండ్లు మనలో చాలనే కలవు. దాని వలన ఆపదలో పోలీసు నడుగుటకు జంకు పిల్లలు తయారైరే గాని అల్లరి తగ్గలేదు. చిన్నపిల్లలకు పగటిపూట చూచుట చాలును. హైస్కూలు పిల్లలు కోరినచో రాత్రి యుండవచ్చును. పెద్దవారెవరైన ప్రక్కన నుండవలెను.

మఱొక సంగతి. ఏ పాఠశాలలోనైనను, ఎవరి తండ్రియో, మేనమామయో జైలులో నున్న పిల్లలు ఒకరిద్దఱుందురు. వారు దానిని తరగతిలో చెప్పుకొనరు. తోడివారు ఖైదీబట్టలు తొడిగికొని తీయించుకొన్న ఫొటోలు చూపి నవ్వుచుండగా వారు పక్కకు తొలగుదురు. కావున ఇట్టి యాత్రకు పోవునపుడు అందఱును రావలెనని నిర్బంధింపరాదు. రానన్న పిల్లవానిని కారణ మడుగరాదు. వచ్చిన తరువాత వ్యాసము వ్రాయించినచో, దానిని ఉపాధ్యాయుడు తానొక్కడే చదువుకొనవలెను గాని తరగతిలో బిగ్గరగా చదివింపవలదు.