సరిజోడు పోరుకు పాచికల లెక్క

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనేది బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. ఆటగాళ్లు వీరుల పాత్రలు తీసుకుంటారు. కథ నడిపే గేమ్ మాస్టర్ వారికి ఎదురుగా రాక్షసులను నిలుపుతారు. పోరు మరీ తేలికైతే విసుగు పుడుతుంది. మరీ కఠినమైతే నెలల తరబడి పెంచుకున్న పాత్రలు ఒక్క సాయంత్రంలో చనిపోతాయి. ఈ రెంటికీ మధ్య పోరును నిలపడానికి చిన్న లెక్క చాలు.

ఒక దెబ్బ విలువ ఎంత?

దెబ్బ తగిలిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. 11 లేదా అంతకన్నా ఎక్కువ పడితే తగులుతుందనుకుందాం. 20 ముఖాల్లో 10 అనుకూలం కాబట్టి సంభావ్యత సగం. తగిలితే 8 ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు 3 కలుపుతారు. ఆ పాచిక సగటు 4.5. అంటే తగిలిన దెబ్బకు సగటు నష్టం 7.5. తప్పిన దెబ్బలనూ లెక్కిస్తే 3.75. నలుగురు వీరులు కలిసి రౌండుకు 15 పాయింట్ల నష్టం కలిగిస్తారు.

ఒక్కడా, నలుగురా?

60 ప్రాణ పాయింట్లున్న ఒక్క రాక్షసుడు 4 రౌండ్లు నిలుస్తాడు. ప్రతి రౌండులో ముందుగా అతడే కొడతాడని, దెబ్బకు సగటు నష్టం 6 అని అనుకుంటే, వీరులకు మొత్తం నష్టం 24.

ఇప్పుడు అదే 60ని నలుగురు రాక్షసులకు 15 చొప్పున పంచండి. ఒక్కొక్కరి దెబ్బను 6గానే ఉంచండి. వీరులు రౌండుకు ఒకరిని పడగొట్టినా, 4+3+2+1 = 10 దెబ్బలు తినాలి. నష్టం 60. వీరులకు తలా 20 చొప్పున 80 పాయింట్లే ఉంటే మొదటి పోరు సులువు, రెండోది ప్రాణాంతకం. పైగా ఒక వీరుడు పడిపోతే వారి దెబ్బలూ తగ్గుతాయి, పోరు ఇంకా సాగుతుంది.

అదే ఇద్దరు రాక్షసులైతే 2+1 = 3 దెబ్బలే. సంఖ్య రెట్టింపైతే దెబ్బలు మూడు రెట్లు దాటాయి. యుద్ధబలం సంఖ్య వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916 నాటి పుస్తకంలో వివరించింది ఇలాంటి సంగతే.

సగటు హామీ కాదు

నలుగురి దెబ్బలూ ఒకే రౌండులో తప్పే అవకాశం 16లో 1. ఒక సాయంత్రపు ఆటలో అది జరగవచ్చు. అందుకే రాక్షసులందరినీ ఒకేసారి దింపకుండా కొందరిని వెనక ఉంచాలి. వీరులు తప్పించుకునే దారి కూడా ఉండాలి.

అభ్యాసం: తలా 15 పాయింట్లున్న ముగ్గురు రాక్షసులను దింపితే వీరులకు ఎంత నష్టం? (జవాబు: 3+2+1 = 6 దెబ్బలు; నష్టం 36.)